కాలువకు ఎగువ పక్క

తీరిగ్గా నడవడం మా తండాలో ఎవరూ నేర్పలేదు. నడిచే మనిషి చేతిలో ఏదో ఒకటి ఉండాలి. కొడవలో, బిందెనో, బర్రె పలుపో, బడికి పోయే పిల్లలైతే పుస్తకాల సంచో. ఉత్త చేతులతో కాలువకట్ట మీద నెమ్మదిగా నడుస్తూ కనిపిస్తే ఎదురొచ్చినవాళ్లు ఆగి, "ఏమైంది సారూ, ఇంట్ల అందరు మంచిగున్నరా?" అని అడుగుతారు. పట్నాల్లో అదే పనికి బూట్లు కొంటారు, దారులు వేస్తారు, దారి పక్కన బెంచీలు కూడా వేస్తారు.

నడక మాత్రం మనకు కొత్తది కాదు. ఈ పుస్తకం చదివేవాళ్లలో కోయ, గోండు, నాయకపోడు పిల్లలు కూడా ఉంటారు కనుక మా లంబాడీల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఎద్దుల వీపుల మీద సరుకు వేసుకుని దేశమంతా తిరిగిన బేరాన్ని మేము లదేణి అంటాం. సముద్రపు ఒడ్డు నుంచి ఉప్పు లోపలి సీమలకు పోయేది. లోపలి నుంచి ధాన్యం, పత్తి ఒడ్డుకు వచ్చేవి. రాజుల దండులు కదిలితే వాటి వెనక తిండిగింజలు మోసింది కూడా మా వాళ్లే. తండా అంటే మొదట ఊరు కాదు, అలా కదిలే గుంపు. రైళ్లు వచ్చాక ఆ బేరం పోయింది. బేరం పోయిన మనిషి ఇంకా నడుస్తూనే ఉంటే దొరతనానికి అనుమానం పుట్టింది. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం పోనుపోను మా వాళ్లను కూడా కొన్నిచోట్ల తన జాబితాలోకి ఎక్కించుకుంది. అది రద్దయింది 1952లో. ఊరికే నడిచేవాణ్ని చూసి "ఎవరు నువ్వు, ఎక్కడికి?" అని అడిగే అలవాటు మాత్రం చట్టంతోపాటు రద్దు కాలేదు. అందుకేనేమో మా ఇళ్లలో పెద్దవాళ్లు, పనిలేకుండా ఊళ్లోకి పోకురా అని చెప్పేవాళ్లు.

మాది బాన్సువాడ దగ్గర ఒక తండా. నిజాంసాగర్ పెద్దకాలువకు ఎగువ పక్కన ఉంటుంది. ఈ 'ఎగువ పక్క' అన్న మాట కోసమే ఈ వ్యాసం రాస్తున్నాను, కాబట్టి కాస్త ఆగి చెప్పాలి.

మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం కాలం. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జులై 11నే మనం తెలంగాణ ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆనకట్ట నుంచి బయల్దేరిన పెద్దకాలువ పొడవు 155 కిలోమీటర్లు. 2,75,000 ఎకరాలు తడపాలని లెక్క వేశారు. బడిలో ఈ అంకెలు మేమూ బట్టీ పట్టాం. అంకెలు చెప్పిన పాఠంలో ఒక సంగతి లేదు. నీళ్లు పారే దిక్కుకు ముఖం పెట్టి మా కట్ట మీద నిలబడితే ఎడమచేతి వైపు నేల మంజీర దాకా దిగుతూ పోతుంది. కుడిచేతి వైపు నేల ఎక్కుతూ పోతుంది. కాలువ ఈ రెంటి నడుమ, కంటికి ఆనని వాలుతో, కొండ నడుముకు కట్టిన మొలతాడులాగ వంపులు తిరుగుతూ పోతుంది. తూములన్నీ ఎడమ పక్కనే. ఎడమ పక్కన రెండు పంటల వరి. ఒకప్పుడు చెరుకు కూడా ఉండేది. బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఆడినన్నాళ్లు ఆ చెరుకు అక్కడికి పోయేది. అది 2015లో మూతపడింది. కుడి పక్కన మక్క, సోయ, కంది, బోర్లు, ఆ పైన మోడుగు చెట్లు, అడవి. మా తండా ఆ కుడి పక్క.

నీళ్లకు కులం తెలియదు, మట్టం తెలుసు. ఇంజినీరు గీసిన గీతలో దోషం ఏమీ లేదు, నీళ్లు పల్లానికే పోతాయి. కానీ పల్లం భూములు ఎవరి చేతిలో ఉన్నాయి, మిట్ట భూములు ఎవరికి మిగిలాయి అన్నది నీళ్లు తేల్చిన లెక్క కాదు. కాలువ తవ్వినప్పుడు మట్టి తట్టలు మోసినవాళ్లలో మా వాళ్లు కూడా ఉన్నారని తండాలో ముసలివాళ్లు చెప్పుకునేవాళ్లు. తవ్విన కాలువలో నీళ్లు వచ్చాక కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి ఎడమ పక్కన భూములు కొన్నారు. వాళ్లు గుడారాలు వేసుకున్న చోట్లు ఇప్పుడు ఊళ్లు. వాటిని ఇవాళ్టికీ క్యాంపులనే అంటాం. క్యాంపు పిల్లలు నాతోపాటు చదివారు. వాళ్ల తాతలు అరుగు మీద కూర్చుని "మా బెజవాడ కాలవల ముందు ఇదెంత, పిల్లకాలవ!" అనేవాళ్లు. మా కాలువను పిల్లకాలువ అంటే నాకు చిన్నప్పుడు చాలా కోపం వచ్చేది. తీజ్ పండుగకు మా అక్కలు తొమ్మిది రోజులు నీళ్లు పోసి పెంచిన గోధుమ మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని పాడుకుంటూ దిగేది ఆ కాలువలోకే. నిజాంసాగర్‌లోకి వరద రాని ఏడు కాలువ ఎండేది. ఆ ఏడు మొలకలను బోరు తొట్టి దగ్గర కలిపేవాళ్లు. పాట అదే కానీ ఆడపిల్లల ముఖాలు వేరుగా ఉండేవి.

ఆ బెజవాడ కాలువల పక్కన నడవడానికి నాకు నలభై దాటాక వీలు దొరికింది. మా అన్న బిడ్డకు రైల్వే పరీక్ష సెంటరు విజయవాడలో పడింది. బాన్సువాడకు రైలు లేదు, రైల్వే పరీక్ష రాయడానికి మాత్రం రాత్రంతా బస్సులో పోవాలి. సెంటరు ఊరి చివర. గేటు దగ్గర హాల్ టికెట్టు, ఆధార్ చూశారు. చేతికి కట్టుకున్న సేవాలాల్ దారం తీసేయమన్నారు. తీసి నా చేతిలో పెట్టి, "కాకా, నువ్వు ఇక్కడ ఎండల నిలబడకు, ఎటన్న తిరిగి రా" అని లోపలికి పోయింది. నాకు నాలుగు గంటలు మిగిలాయి. ఆటో ఎక్కి ప్రకాశం బ్యారేజి దగ్గర దిగాను. చేతిలో ఏమీ లేదు, ఆ దారం తప్ప.

శ్రావణ మాసం. నది నిండుగా ఉంది. ఒక పక్క ఇంద్రకీలాద్రి, దాని మీద దుర్గమ్మ గుడి, కింద బ్యారేజి గేట్లు. ఇక్కడ మొదటి ఆనకట్టను 1852లో మొదలుపెట్టి 1855లో పూర్తి చేశారు. దానికి ఇరవై ఏళ్ల ముందు గుంటూరు సీమలో నందన నామ సంవత్సరపు కరువు వచ్చి లెక్కలేనంత మంది చచ్చిపోయారు. కరువు తర్వాతే నీళ్ల గురించి ఆలోచించారు. ఆ పాత ఆనకట్ట 1952లో తెగింది. ఇప్పుడున్న బ్యారేజి 1957లో వచ్చింది, టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. బ్యారేజి పక్క తలుపుల్లోంచి ఊళ్లోకి దూరిన కాలువ కొద్ది దూరానికే మూడుగా చీలుతుంది. బందరు కాలువ, రైవస్ కాలువ, ఏలూరు కాలువ. ఒక పెద్ద నగరం కడుపులోంచి మూడు కాలువలు పోవడం నేను అంతకుముందు చూడలేదు. క్యాంపు తాతలు చెప్పింది నిజమే. ఆ నీళ్ల వేగం చూస్తే మా కాలువ పిల్లకాలువే.

మొదట బందరు కాలువ పట్టుకున్నాను. బస్టాండు దాటి, కృష్ణలంక వైపు. ఒక గట్టు మీద రోడ్డు, హోటళ్లు, ఫోను దుకాణాలు. ఇంకో గట్టు మీద ఇళ్లు. రేకుల ఇళ్లు, ఒక గది డాబాలు, వాటి వెనక కాలువలోకి దిగే నాలుగు మెట్లు. మెట్ల మీద బట్టలు ఉతికే ఆడవాళ్లు, పళ్లు తోముకునే మనిషి, ప్లాస్టిక్ బిందె తేలకుండా కాలితో ఒత్తిపట్టిన పిల్ల. వంతెన కింద చల్లగా ఉంది. వంతెన పైన హారన్ల మోత. వంతెన కింద నిలబడితే నగరం మన నెత్తి మీద నడుస్తున్నట్టు ఉంటుంది. ఈ నడకను అందమైనదని చెప్పను. కొన్నిచోట్ల మురుగు కలిసే తూముల దగ్గర ముక్కు మూసుకోవాల్సిందే. ఇంకొన్నిచోట్ల ఇనుప కంచె వేసి, మొక్కలు నాటి, రంగులు పూసి ఉంచారు. ఆ రంగుల ముక్క నూరు అడుగులు, మళ్లీ మామూలే.

బందరు దాకా పోయే ఈ కాలువ పక్కన నడుస్తుంటే నాకు ఉప్పు గుర్తొచ్చింది. లదేణి రోజుల్లో ఉప్పు కోసం మా వాళ్లు దిగిన రేవుల్లో మచిలీబందరు ఒకటి. అంటే ఈ దిక్కుకు మా ఎద్దులు వచ్చినవే. డెల్టా కాలువలు తవ్వినప్పుడు పంటకే కాదు, పడవలకు కూడా పనికొచ్చేలా తవ్వారు. వడ్లు, ఉప్పు, మనుషులు, అన్నీ పడవల మీదే. ఇక్కడివాళ్లు ఇప్పటికీ లాకులు అనే మాట వాడతారు. ఎత్తులో తేడా ఉన్న చోట పడవను నిలిపి, తలుపులు మూసి, నీళ్లు నింపి, మెల్లగా పైకి ఎత్తే ఏర్పాటు అది. కాకినాడ నుంచి ఏలూరు మీదుగా ఈ ఊరికి, కృష్ణ దాటి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హామ్ కాలువ మీదుగా మద్రాసు దాకా నీటి మీదే పోయేవాళ్లు. ఒక పడవ మోసే ఉప్పుకు ఎన్ని ఎద్దులు కావాలో లెక్క వేసుకుంటూ నడిచాను. 1889లో నిజాం రైలు బెజవాడ చేరింది. మా తాతల తాతల బేరాన్ని పడవ కొంత తిన్నది, రైలు అంతా తిన్నది. తర్వాత రైలు పడవను కూడా తినేసింది, అది వేరే కథ. ఇప్పుడు ఆ కాలువల్లో పడవలు లేవు. మా బిడ్డ ఆ రైలు కొలువు కోసమే అదే ఊళ్లో పరీక్ష రాస్తోంది.

మళ్లీ వెనక్కి వచ్చి ఏలూరు కాలువ గట్టు ఎక్కాను. లెనిన్ సెంటర్ దగ్గర పాత పుస్తకాల దుకాణాల్లో గంట కూర్చోవాలని ఆశ. కానీ అప్పటికే కాళ్లు గట్టుకు అలవాటు పడ్డాయి. నలభై రూపాయలకు ఒక పాత అట్లాసు మాత్రం కొని బయటపడ్డాను. ఇక చేతిలో ఒక వస్తువు ఉంది కాబట్టి మనసు కొంచెం నెమ్మదించింది. నవ్వకండి. చేతిలో పుస్తకం ఉన్నవాణ్ని ఎవరూ ఆపి అడగరు.

అయినా ఒకామె అడిగింది. గట్టు మీద టీ బండి. అరవై దాటి ఉంటాయి.

"ఎవరి కోసం చూస్తన్నావు బాబూ?"

"ఎవరి కోసం కాదమ్మా. ఊరికే నడుస్తున్నా."

"ఊరికే నడవటానికి ఈ గట్టు మీద ఏముంది, దోమలు తప్ప! కూర్చో, టీ తాగు."

కూర్చున్నాను. ఆమె ఇల్లు బండి వెనకే. ఆ గట్టు మీదికి వచ్చి ముప్పై ఏళ్లు దాటిందట. భర్త ముఠా కూలీ. ఇప్పుడు లేడు. పట్టా ఉందా అని అడిగాను. మనవాళ్లను ఎక్కడ కలిసినా మొదట వచ్చే ప్రశ్న అదే కదా, నోట్లోంచి అదే వచ్చింది.

"పట్టా ఎక్కడిది బాబూ. కరెంటు బిల్లు ఉంది, పన్ను రశీదు ఉంది, ఓటు ఉంది. గట్టు మాత్రం గవర్నమెంటుది. ఎప్పుడో ఒకసారి వచ్చి గోడ మీద నెంబరేసి పోతారు. అది చెరిగిపోయేలోగా మళ్లీ ఇంకోళ్లు వచ్చి ఇంకో నెంబరేస్తారు."

ఆమె గోడ మీద ఎర్రరంగు అంకె ఒకటి ఉంది, దాని కింద నీలిరంగు అంకె ఒకటి ఉంది. పోడు భూముల సర్వేకు వచ్చినప్పుడు మన చెట్ల మీద, రాళ్ల మీద వేసే అంకెలు నాకు గుర్తొచ్చాయి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సగం ఊరు మునిగినప్పుడు మీకు ఏమైంది అని అడిగాను. "మాకేం కాలా. గట్టు ఎత్తు కదా. డాబాలోళ్లే మా దగ్గరకొచ్చి ఫోన్లు చార్జింగ్ పెట్టుకున్నారు" అని నవ్వింది. అక్కరకు వచ్చిన ఆ ఎత్తు ఆమెది కాదు. కాగితం మీద ఆమెకు ఆ ఎత్తులో అంగుళం కూడా లేదు.

నీళ్లు ఎర్రగా ఉన్నాయి. కృష్ణ నీళ్లు ఎప్పుడూ ఇంత ఎర్రగా ఉంటాయా అన్నాను.

"ఇవి కృష్ణవి కాదు బాబూ, గోదారియ్యి. పట్టిసీమ నుంచి తోడతన్నారు. ఆ పంపులు ఆడినన్నాళ్లూ ఇట్టాగే ఉంటయ్."

టీ గ్లాసు చేతిలోనే ఆగింది. చంకలో అట్లాసు ఉంది కదా, తీసి గట్టు మీద పరిచాను. మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుట్టి, బీదర్ మీదుగా మన దగ్గరికి వచ్చి, నిజాంసాగర్‌లో ఆగి, గేట్లు ఎత్తితే బయటపడి కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. గోదావరి బాసర దాటి, ధర్మపురి దాటి, భద్రాచలం దాటి, పాపికొండల నడుమ ఇరుకై, పోలవరం దగ్గర విచ్చుకుంటుంది. ఆ పక్కనే పట్టిసీమ. అక్కడ 24 పంపులు పెట్టారు. 8,500 క్యూసెక్కులు ఎత్తి పోలవరం కుడికాలువలో పోస్తారు. ఆ కాలువ ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుంది. అక్కడి నుంచి బ్యారేజి, బ్యారేజి నుంచి ఈ మూడు కాలువలు. ఆ ఏడు మా నిజాంసాగర్ గేట్లు ఎత్తారు. అంటే మా కట్ట పక్కనుంచి పోయిన నీళ్లలో ఒక చుక్కయినా ఈమె మెట్ల కింద పారుతూ ఉండవచ్చు. వేలి గోరుతో ఆ దారి ఆమెకు చూపించాను. "అయితే మీ ఊరి నీళ్లే తాగుతున్నాం అన్నమాట" అని టీ డబ్బులు తీసుకోలేదు.

కానీ ఆ గీత మీద వేలు పెట్టినప్పుడు ఒక చోట దాటిపోవడం కష్టమైంది. పాపికొండల దగ్గర. మా నీళ్లు ఆ దారినే వచ్చాయి, నీళ్లకు అడ్డంగా ఉన్న ఊళ్లు మాత్రం వేరే దారి పట్టాయి. పోలవరం కోసం 2014లో ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కోయలు, కొండరెడ్లు ఎక్కువగా ఉండే ఊళ్లు. ఆ జలాశయం పూర్తి మట్టం 45.72 మీటర్లు, పాత లెక్కలో 150 అడుగులు. ముందుగా 41.15 మీటర్ల గీత కింద ఉన్న ఊళ్లను ఖాళీ చేయించే పని, ఆ పైవాళ్లది తర్వాత. అక్కడి కోయ టీచర్ ఒకరు ఒక శిక్షణలో నా పక్కన కూర్చున్నప్పుడు ఒక మాట చెప్పాడు. వాళ్ల ఊళ్లో అమ్మానాన్నలు ఒక గీత కింద, వేరే ఇంట్లో ఉండే కొడుకు ఇంకో గీత కింద వచ్చారట. "మా నాయనకు చదువు రాదు గానీ, నలభై ఒకటి పాయింట్ ఒకటి ఐదు అని ఇంగ్లీషులో చెప్తాడు" అన్నాడు. అప్పుడు ఆ మాటకు అందరం నవ్వాం. అతనూ నవ్వాడు.

ఏలూరు కాలువ గట్టు మీద కూర్చుని నాకు తట్టింది ఇదే. మా తండా గీతకు పైన ఉంది, నీళ్లు అందవు. వాళ్ల ఊళ్లు గీతకు కింద ఉన్నాయి, నీళ్లు ముంచుతాయి. ఈమె ఇల్లు సరిగ్గా గీత మీదే ఉంది, అంకెలు వేసి పోతారు. ముగ్గురి బతుకునూ తేల్చేది మట్టం. ఆ మట్టాన్ని కొలిచేవాడు, మ్యాపు మీద గీసేవాడు, గీసిందాన్ని చదివేవాడు మనలో ఎవరూ కాదు. సాంఘికశాస్త్రం పుస్తకంలో కాంటూరు రేఖల పాఠం ఉంటుంది. పదిహేనేళ్లుగా చెబుతున్నాను. పిల్లలు ఉల్లిగడ్డ చక్రాల్లాగ గుండ్రంగా గీసి మార్కులు తెచ్చుకుంటారు. ఆ చక్రాల్లో ఒకటి వాళ్ల ఇంటి పక్కనుంచే పోతోందని ఆ పాఠం ఎక్కడా చెప్పదు. కాలువ అంటే నేల మీద గీసిన కాంటూరు రేఖే. దాని పక్కనే నడిచి బడికి వచ్చే పిల్లలకు దాన్ని పుస్తకంలో వెతకమంటున్నాం.

సెంటరు దగ్గరికి పోయేసరికి మా బిడ్డ బయట నిలబడి ఉంది. దారం మళ్లీ కట్టుకుంది. ఎట్ల రాశినవ్ అంటే, "మంచిగనే రాశిన కాకా. తొట్టి నింపే పైపుల లెక్క మూడు బిట్లు వచ్చినయ్. ఒక పైపు నింపుతదట, ఇంకో పైపు ఖాళీ చేస్తదట. ఎవడన్న అట్ల రెండు పైపులు పెడ్తడా?" అంది. పెడతారు బిడ్డా అని అట్లాసు చూపించాను. నిజాంసాగర్‌కు పైన సింగూరు ఉంది, అది హైదరాబాద్ తాగునీళ్ల కోసం మంజీరను ఆపుతుంది. రాత్రి బస్సులో ఆ లెక్క చేసుకుంటూ వచ్చాం. నిద్ర రాలేదు.

తిరిగి వచ్చాక చేసిన పని ఇదీ. టీచర్లు ఎవరైనా చేయవచ్చు, ఖర్చు పెద్దగా లేదు కనుక వివరంగా రాస్తున్నాను. మేస్త్రీలు పునాది మట్టం చూడటానికి వాడే సన్నటి తెల్ల పైపు అరవై అడుగులది కొన్నాను. రెండు నిలువు కర్రలకు అడుగులు, అంగుళాలు గుర్తులు పెట్టించాను. పైపు నిండా నీళ్లు పోసి, నడుమ గాలి బుడగ లేకుండా చూసుకుని, ఒక కొస ఒక కర్రకు, ఇంకో కొస ఇంకో కర్రకు పట్టుకోవాలి. రెండు కొసల్లో నీళ్లు ఒకే మట్టంలో నిలబడతాయి. కర్రల మీద కనిపించే అంకెల తేడానే ఆ రెండు చోట్ల నేల ఎత్తుల తేడా. రాసుకుని, వెనక కర్రను ముందుకు తెచ్చి మళ్లీ చూడాలి. తొమ్మిదో తరగతి పిల్లలు పదకొండు మంది, నేను. కాలువ నుంచి మొదలుపెట్టి తండాలో సేవాలాల్ గుడి అరుగు దాకా. చెట్లు, కంచెలు తప్పించుకుంటూ, రెండు ఆదివారాలు, నలభై ఏడు సార్లు కర్రలు మార్చాం.

మొదటి రోజు లష్కర్ వచ్చి, కాలువకు గండి కొడుతున్నామేమో అనుకుని గట్టిగా అరిచాడు. సంగతి చెప్పాక ఆయనే కాలువలోకి దిగి, నిండుగా పారినప్పుడు నీళ్లు తాకే గుర్తు చూపించాడు. లైనింగ్ మీద నాచు ఆగిన గీత. "ఈడికెళ్లి కొలువుండ్రి. సగం పారేటప్పటి మట్టం పట్టుకొని ఏం జేస్తరు?" అన్నాడు. ముప్పై ఏళ్లుగా ఆ కట్ట మీద నడిచే మనిషికి తెలిసినంత మాకు తెలియదు. తర్వాత ఆదివారం ఆయనే ముందు వచ్చి కూర్చున్నాడు.

లెక్క కూడితే పంతొమ్మిది అడుగుల మూడంగుళాలు వచ్చింది. ఇంజినీర్ల సర్వే ముందు ఇది పిల్లల లెక్కే. అర అడుగు అటూ ఇటూ ఉండవచ్చు. పిల్లలు మాత్రం కాగితం పట్టుకుని చాలాసేపు ఏమీ అనలేదు. వాళ్లకు తమ తండా చాలా ఎత్తు మీద ఉందని నమ్మకం. కాలువ నీళ్లు మనకు ఎక్కవు అని పుట్టినప్పటి నుంచి వింటున్నారు, నేనూ అదే వింటూ పెరిగాను. చివరికి ఒక పిల్ల అడిగింది.

"సార్, మన బడి స్లాబు ఎంత ఎత్తు?"

"పదకొండు అడుగులు ఉంటది."

"అంటే రెండు స్లాబులు కూడ లేదు. మా బాపు బోరు మూడు వందల ఇరవై అడుగులు వేసిండు సార్. అప్పు ఇంక తీరలే."

ఆ పిల్ల చెప్పిన వాక్యాన్ని బోర్డు మీద రాయించాను. రెండు అంకెలు పక్కపక్కన. 19, 320. ఎత్తిపోసే నీళ్లకు కరెంటు కావాలి, కాలువలో వాటా కావాలి, చివరి ఆయకట్టు రైతు ఒప్పుకోవాలి, అవన్నీ నాకు తెలుసు. కింద పక్క రైతుకు కూడా ప్రతి ఏడూ నాలుగు తడులు సరిగ్గా అందడం లేదు. పూడిక పడి నిజాంసాగర్ సగానికి పైగా పూడిపోతే 1970ల్లో గేట్ల ఎత్తు పెంచాల్సి వచ్చింది. పైన సింగూరు వచ్చాక వరద తగ్గింది. ఇవి చెప్పకుండా పిల్లలకు అంకెలు మాత్రం ఇస్తే అది సగం చదువు. అందుకే ఆ కాగితం వెనక పక్కన ఈ చిక్కులన్నీ కూడా వాళ్లతోనే రాయించాను. 2018 నుంచి మాది సొంత పంచాయతీ. గ్రామసభలో ఇద్దరు పిల్లలు లేచి రెండు పక్కలూ చదివారు. పెద్దవాళ్లలో సగం మంది నమ్మలేదు. ఒక ముసలాయన మాత్రం కర్ర పట్టుకుని లేచి, కాలువ గుర్తు ఎక్కడ పెట్టారో, ఏ దారిన వచ్చారో, వాగు దగ్గర ఎట్లా దాటించారో ఒక్కొక్కటే అడిగాడు. అరగంట అడిగాడు. పిల్లలు చెప్పారు.

ఇప్పుడు సాయంత్రం పూట కట్ట మీద పిల్లలు ఉత్త చేతులతో నడుస్తూ కనిపిస్తున్నారు. ఎవరైనా అడిగితే "నేల చూస్తున్నం" అంటారు. పై తండా పిల్లలు వాళ్ల దగ్గర కూడా కొలవమని కబురు పెట్టారు. అక్కడ నడుమ లోతు వాగు ఉంది, అరవై అడుగుల పైపు చాలదు. బాన్సువాడ బజారులో అడిగి వచ్చాను. ఇంకో నలభై అడుగులు ఉందట, శనివారం పోయి తెచ్చుకోవాలి.